ఒకే బరువు, ఒకే వేగం, మూడు ధరలు

పాయింట్ టూ టూ లాంగ్ రైఫిల్ మ్యాచ్ తూటాల, అంటే గురి పోటీల్లో వాడే చిన్న రైఫిల్ తూటాల వివరాలు వరుసగా పెట్టుకుని చదివితే, ఇన్ని రకాలు ఎందుకున్నాయో ఒక పట్టాన అర్థం కాదు. సీసపు గుండు బరువు దాదాపు అన్నిటిలోనూ 40 గ్రెయిన్లే, అంటే సుమారు 2.6 గ్రాములు. బారెల్ నుంచి బయటపడే వేగం సెకనుకు 320 నుంచి 330 మీటర్ల మధ్యే. అన్నీ ధ్వని కన్నా నెమ్మదిగా వెళ్లేవే. ధర దగ్గరికి వచ్చేసరికి మాత్రం, చవక పెట్టె ఒకటి అనుకుంటే మధ్యరకం రెండు, పైరకం మూడు, ఒక్కోసారి అంతకు మించి. పైగా ఇది రిమ్‌ఫైర్ తూటా. నిప్పంటించే పేలుడు మిశ్రమం గొట్టం అడుగు అంచులోనే ఉంటుంది కాబట్టి, కాల్చాక మిగిలిన ఇత్తడి గొట్టంలో ఇంట్లో మళ్లీ మందు నింపుకుని ఖర్చు తగ్గించుకుందామన్నా సాధారణంగా కుదరదు. కొన్నది కొన్నట్టే ఖర్చయిపోతుంది.

ఈ మూడింతల ధరకు ఏం దక్కుతోందో నా రైఫిల్‌తోనే తేల్చుకుందామని కూర్చున్నాను. రకాల పేర్లు ఇక్కడ చెప్పడం లేదు. చెబితే అవే కొంటారు. నా బారెల్ ఇచ్చిన తీర్పు మీ బారెల్‌కు చెల్లుతుందన్న హామీ ఏమీ లేదు.

ఎక్కువ వేగం ఉన్నవాటిని మొదటే పక్కన పెట్టాను. 20 డిగ్రీల వేడిలో ధ్వని వేగం సెకనుకు సుమారు 343 మీటర్లు, సున్నా డిగ్రీల దగ్గర 331. సెకనుకు 380 మీటర్లతో బయలుదేరే తూటా దారిలో ఆ గీతను దాటుకుని కిందికి దిగాలి. ఆ దిగేటప్పుడు గుండు కుదుపులకు లోనవుతుంది. వేగంగా వెళ్తుంది కనుక పక్కగాలికి తక్కువ జరుగుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది తలకిందులు. ధ్వని వేగానికి దగ్గరలో గాలి నిరోధం ఒక్కసారిగా పెరుగుతుంది. పక్కగాలి గుండును ఎంత జరుపుతుందన్నది ఆ నిరోధం వల్ల ఆలస్యమైన సమయాన్ని బట్టి ఉంటుంది కానీ, మొత్తం ప్రయాణ సమయాన్ని బట్టి కాదు. అందుకే గాలిలో నెమ్మది తూటాయే తక్కువ పక్కకు పోతుంది. మ్యాచ్ తూటాలన్నీ ధ్వని వేగానికి లోపలే ఆగిపోవడానికి ఇదొక కారణం.

పరీక్షలో అసలు చిక్కు కాల్చడంలో లేదు, ఏ వరుసలో కాల్చాలన్న దానిలో ఉంది. గుండు మీద మైనమో కొవ్వో పూసి ఉంటుంది. పెట్టెలోంచి తీస్తుంటేనే తేడా వేళ్లకు తెలుస్తుంది. ఒక రకం జిడ్డుగా మునివేళ్లకు అంటుకుంటుంది, ఇంకొకటి పొడిగా, గోటితో గీస్తే సన్నటి పొరలా లేస్తుంది. ఆ పూత బారెల్ లోపల పరుచుకుని కుదురుకున్నాకే ఆ తూటా అసలు పనితనం బయటపడుతుంది. రకం మార్చిన ప్రతిసారీ బారెల్ తుడిచి, మొదటి ఇరవై వరకు లెక్కలోకి తీసుకోకుండా కాల్చేశాను. ఇలా చేస్తే ఒకదాని తరువాత ఒకటి మార్చి మార్చి కాల్చే వీలుండదు. ఈలోగా గాలి మారుతుంది, వెలుగు మారుతుంది. ఒక రకానికి ప్రశాంతమైన ఉదయం దక్కి, ఇంకొకదానికి ఈదురుగాలి దక్కితే అది పోలికే కాదు. కాబట్టి అన్ని రకాలనూ వేరే రోజుల్లో, వరుస తిప్పి మళ్లీ కాల్చాను. విసుగుపుట్టించే పనే, కానీ ఈ ఒక్కటీ చేయకపోతే మిగతా అంకెలన్నీ గాలి గురించి చెబుతాయి తప్ప తూటా గురించి చెప్పవు.

రైఫిల్‌ను ఇసుక సంచుల మీద ఆనించి, దూరం 50 మీటర్లు పెట్టుకుని, పక్కన గుండు వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉంచాను. సగటు వేగాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక తూటాకూ ఇంకో తూటాకూ మధ్య తేడాలో మాత్రం మూడు ధరలూ మూడు మెట్లుగా కనిపించాయి. చవక రకంలో అతి తక్కువ వేగానికీ అతి ఎక్కువ వేగానికీ మధ్య ఎడం సెకనుకు 18 మీటర్ల దాకా వచ్చింది. పైరకంలో అది సగానికి దిగింది. కాగితం మీద దీని అర్థమేమిటో లెక్క కట్టుకోవచ్చు. 50 మీటర్లలో గుండు సుమారు 12 సెంటీమీటర్లు కిందికి పడుతుంది. వేగంలో సెకనుకు 10 మీటర్ల తేడా ఉంటే తగిలే చోటు పైకీ కిందికీ 7 మిల్లీమీటర్లు మారుతుంది. ఒలింపిక్ టార్గెట్‌లో పది మార్కుల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. గుండు అంచు గీతను తాకినా పదే కాబట్టి కొంత వెసులుబాటు ఉంది. అదే 100 మీటర్లకు వెళితే ఆ 7 మిల్లీమీటర్లు రెట్టింపు కావు, దాదాపు నాలుగింతలవుతాయి. 50 మీటర్లలో కనిపించని లోపం అక్కడ నిట్టనిలువుగా, గీత గీసినట్టు కనబడుతుంది.

ఇక గ్రూపులు, అంటే ఒకే గురికి కాల్చిన గుండ్లు కాగితం మీద చేసే గుంపులు. అయిదు షాట్లు కాల్చి, అన్నిటికన్నా చిన్న గ్రూపును ఫొటో తీసి చూపించే అలవాటు షూటర్లలో ఉంది. చవక తూటాతో కూడా అలాంటి గ్రూపు ఒకటి నాకు వచ్చింది, అయిదు గుండ్లూ ఒకే చిరుగులోంచి వెళ్లాయి. ఆ కాగితం ఒక్కటే చూస్తే మూడింతలు పెట్టి కొనేవాళ్లందరూ అమాయకులే అనిపిస్తుంది. పెట్టె మొత్తం కాల్చాక బొమ్మ మారింది. నలభైకి పైగా గుండ్లు చక్కగా ఒకే చోట గుమిగూడాయి. ఒకటి రెండు మాత్రం ఏ కారణమూ లేకుండా తొమ్మిదిలోకి, ఒకటి ఎనిమిది అంచుకు జారిపోయాయి. ట్రిగ్గర్ నొక్కినప్పుడు చేతిలో ఏ తేడా లేదు, గాలి జెండా కదల్లేదు. పైరకం పెట్టెలో గుమిగూడిన గుండ్ల గుంపు దానికన్నా పెద్దగా చిన్నదేమీ కాదు. అందులో ఈ జారిపోయినవి లేవు, అంతే. అదనంగా చెల్లించే సొమ్ములో ఎక్కువ భాగం ఈ లేకపోవడానికే.

దీన్ని కొద్ది షాట్లతో పట్టుకోలేం. యాభై తూటాల పెట్టెలో ఒకే ఒక్క చెడ్డది ఉంటే, అందులోంచి పది తీసి కాల్చినప్పుడు అది బయటపడకుండా ఉండే అవకాశం 80 శాతం. 60 షాట్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే) పోటీలో మాత్రం అది ఎక్కడో ఒకచోట తగిలి తీరుతుంది. దశాంశాల్లో, షాట్‌కు 10.9 దాకా లెక్క వేసే ఆ పోటీలో పూర్తి మార్కులు 654. పైస్థాయి షూటర్ల మధ్య తేడా ఒకటి రెండు మార్కుల్లో ఉంటుంది. ఒక్క గుండు ఎనిమిదికి జారితే ఆ తేడా అక్కడికక్కడే పోతుంది. నేను ఆ స్థాయి మనిషిని కాదనుకోండి.

గ్రూపు వెడల్పును అటు చివర నుంచి ఇటు చివరకు కొలవడం మానేసి, ప్రతి గుండూ గుంపు మధ్య నుంచి ఎంత దూరంలో పడిందో కొలిచి సగటు తీశాను. స్కేలు పట్టుకుని కూర్చుంటే చాలా సమయం పట్టింది కానీ, అటు చివర, ఇటు చివర ఉన్న రెండు గుండ్లు మాత్రమే మాట్లాడే బదులు అన్ని గుండ్లూ మాట్లాడాయి.

అప్పుడు ఎదురుచూడనిది ఒకటి బయటపడింది. మధ్యరకంలో నా దగ్గర రెండు లాట్లు, అంటే వేర్వేరు విడతల్లో తయారైనవి ఉన్నాయి. పెట్టె అదే, రంగు అదే, మడత మీద అచ్చువేసిన లాట్ సంఖ్య ఒక్కటే వేరు. ఒక లాట్ చవక రకానికి దగ్గరగా పడింది, ఇంకొకటి పైరకం పక్కన నిలబడింది. రకానికీ రకానికీ ఉన్న తేడా కన్నా ఈ రెండు లాట్ల తేడాయే పెద్దది. మాతో కాల్చే ఒక పెద్దాయనకు చూపిస్తే కాగితాలు తిరగేసి, "పెట్టె మీద పేరు నువ్వు చదువుతావు, బారెల్ చదవదు కదయ్యా" అన్నారు. తయారీదార్లకూ ఇది తెలియని సంగతేమీ కాదు. జర్మనీలోని షోనెబెక్‌లో తూటాల కంపెనీ లపువా నడిపే పరీక్షా కేంద్రానికి షూటర్లు తమ రైఫిల్ పట్టుకెళ్లి, ఒక్కో లాట్ కాల్పించి చూసి, నచ్చిన లాట్‌నే కొనుక్కుంటారు. బ్రిటన్‌లో ఇంకో తూటాల కంపెనీ ఈలీకీ అలాంటి ఏర్పాటు ఉంది. అంత దూరం వెళ్లలేనివాళ్లం, రెండు మూడు లాట్ల నుంచి ఒక్కో పెట్టె కొని కాల్చి చూసుకోవడమే.

అంచు మందం కొలిచి, బరువు తూచి చవక తూటాలను ఏరుకునేవాళ్లూ ఉన్నారు. నేనూ ఒక పెట్టె ఏరి చూశాను. నాకు తేడా కనిపించలేదు. ఆ సమయం గురి సాధనకు పెట్టుకోవచ్చు.

చివరికి ఆ మంచి మధ్యరకం లాట్‌నే, దొరికినన్ని పెట్టెలు ఒకేసారి కొన్నాను. ఒక్కసారిగా పెద్ద మొత్తమే ఖర్చయింది. అయితే సాధనకూ పోటీకీ ఒకే తూటా కావడంతో రైఫిల్ మీద గురి చూసే సైట్ల సర్దుబాటు మార్చుకోవాల్సిన పని తప్పింది, మధ్యమధ్యలో ఏవేవో రకాలు కొని చూసే ఖర్చూ ఆగింది. నిలబడి కాల్చే సాధనకు చవక రకం సరిపోతోంది. అక్కడ నా ఊగులాట తూటా లోపం కన్నా చాలా పెద్దది. పైరకం కొద్దిగా ఉంచుకున్నది 100 మీటర్ల పోటీలకే. లాట్ పెట్టెలు సగానికి రాగానే తరువాతి లాట్ పరీక్ష మొదలుపెట్టాలి. అన్నీ అయిపోయాక వెతికితే పోల్చి చూడటానికి పాత తూటా మిగలదు.