నాయనతో బెలూం గుహలో

మా నాయన చిగురుగుంట బంగారు గనిలో పద్నాలుగేళ్లు అండర్‌గ్రౌండ్ పని చేశాడు. 2001లో గని మూతపడ్డాక మళ్లీ భూమి లోపలికి దిగలేదు. చిన్నప్పుడు "లోపల ఎట్లుంటుంది నాయనా?" అని అడిగితే "ఏముంటాది, చీకటి" అని ఊరుకునేవాడు. ఆ చీకటిని ఆయన పక్కన నిలబడి చూడాలని నాకు ఎప్పటినుంచో ఆశ. గని ఎలాగూ లేదు. పోయిన డిసెంబరులో నంద్యాల జిల్లాలోని బెలూం గుహలకు తీసుకెళ్లాను.

చిత్తూరులో తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి పీలేరు, రాయచోటి, కడప మీదుగా వెళ్లాం. జమ్మలమడుగు దాటాక రోడ్డు పక్కన నల్ల బండలు పేర్చి ఉన్నాయి. "మనింట్లో అలమర బండలు ఈ పక్కవే" అన్నాడు. గుహ ఉన్నదీ అలాంటి సున్నపురాయిలోనే.

పైనుంచి చూస్తే అక్కడ గుహ ఉందనే తెలియదు. బయలులో బావుల్లాంటి గుంటలు, నడిమి దాంట్లోకి మెట్లు. లోపల పది అడుగులు వేశామో లేదో నాయన ఆగిపోయాడు. తల ఎత్తి కప్పు చూశాడు. వేళ్లు మడిచి గోడ మీద కొట్టి చెవి పెట్టాడు. గనిలో షిఫ్ట్ మొదలయ్యేటప్పుడు ఇనపకడ్డీతో కప్పును తట్టేవాళ్లంట. ఖంగుమంటే రాయి గట్టిది. డొల్లగా మోగితే పొర విడిచిందని లెక్క, దాన్ని రాల్చేదాకా కింద ఎవరూ నిలబడకూడదు. గని గురించి ఆయన నాతో అంత వివరంగా మాట్లాడడం అదే మొదలు.

తర్వాత గోడ మీద చెయ్యి పెట్టి మెల్లగా జరుపుతూ నడిచాడు. "మందు పెట్టిన గుర్తే లేదు పాపా" అన్నాడు. గనిలో డ్రిల్ వేసి మందు పేల్చాక గోడ మీద సగం గొట్టంలా గీతలు మిగిలిపోతాయి. ఇక్కడ గోడంతా కుండ లోపలి భాగంలా నున్నగా ఉంది. ఒక చోట చిన్న గుంత, నా అరచెయ్యి సరిగ్గా అందులో కుదిరింది. వాన నీళ్లు గాలిలో, మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొంచెం పులుపెక్కుతాయి, ఆ పులుపే సున్నపురాయిని కరిగిస్తుంది అని చెప్పాను. "నీళ్లకు తొందర లేదు, మాకు టన్నుల లెక్క ఉండె" అన్నాడు.

"ఇది ఎంత దూరం పోతాది?" అని గైడును అడిగాడు. కొలిచింది 3,229 మీటర్లు, మనం నడవగలిగేది కిలోమీటరున్నర. నాయన అంతటితో వదల్లేదు, ఎవరు కొలిచినారని అడిగాడు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త ఈ గుహల గురించి రాశాడు. 1982, 83లలో గెబావర్ అనే జర్మన్, తన బృందంతో వచ్చి లోపలికి పాకి మ్యాప్ గీశాడు. "లైట్లు లేనప్పుడా!" అని నాయన కాసేపు అట్లే నిలబడ్డాడు.

గుహలో అన్నిటికన్నా లోతైన చోటు పాతాళగంగ. అక్కడ, 46 మీటర్ల లోతున, నాకు ఊపిరి ఆడనట్టు అనిపించింది. చీర చెమటకు వీపుకు అంటుకుపోయింది, టెన్షన్ మొదలైంది. నాయన నా మోచెయ్యి పట్టుకుని "మాట్లాడొద్దు, ముక్కుతోనే పీల్చు, వచ్చిన దోవ వైపు చూడు" అన్నాడు. ఆ గొంతు నేను ఇంట్లో ఎప్పుడూ వినలేదు. కింద కొత్తగా చేరినవాళ్లకు అట్లాగే చెప్పి ఉంటాడు.

తిరిగి వచ్చేటప్పుడు పైకి తవ్విన గాలి గొట్టం ఒకటి కనిపించింది. ఈ గుహ నిండా ఒకప్పుడు బురదే. టూరిజం వాళ్లు దాన్ని తోడి, ఇట్లాంటి గాలి దోవలు వేసి, 2002లో జనానికి తెరిచారు. నాయన దాని కింద నిలబడి ముఖం పైకెత్తి కళ్లు మూసుకున్నాడు. "ఇది మాత్రం మనోళ్ల పని" అన్నాడు. వెనక జనం ఆగినా కదల్లేదు. నేనూ తొందరపెట్టలేదు.

పైకి వచ్చాక ఎండకు కళ్లు చికిలిస్తూ జేబులోంచి టికెట్టు తీసి, ఎవరికివ్వాలని అడిగాడు. ఇవ్వాల్సిన పనిలేదన్నాను. గనిలోకి దిగేటప్పుడు ఇచ్చిన బిళ్లను పైకొచ్చి తిరిగి ఇస్తేనే మనిషి వచ్చినట్టు లెక్కంట. టికెట్టును నాలుగు మడతలు పెట్టి నా చేతిలో పెట్టాడు.