మైనస్ పన్నెండు

తొమ్మిదికల్లా ల్యాబ్‌లో ఉందామనుకున్నాను, నల్లగండ్ల దాటేసరికి వాన మొదలై గచ్చిబౌలి వైపు బండ్లన్నీ ఆగిపోయాయి, వెళ్లేసరికి పది. మా పీహెచ్‌డీ అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని నా గది బయటే నిలబడి ఉంది. రాత్రి నిద్రపోలేదని ముఖం చూస్తేనే తెలిసిపోతోంది. "మేడమ్, ఈ లూప్ తిరగబడింది, ఒక్కసారి చూడండి" అంది.

లూప్ అంటే అయస్కాంత క్షేత్రాన్ని, అదే మేం ఫీల్డ్ అనేదాన్ని, పెంచుతూ తగ్గిస్తూ శాంపిల్ అయస్కాంతత్వాన్ని గీసే గ్రాఫు. శాంపిల్ నికెల్ జింక్ ఫెర్రైట్ పొడి. మెత్తని అయస్కాంతం, అంటే చిన్న ఫీల్డ్‌కే దిక్కు మార్చేసుకుంటుంది. 7 టెస్లాల నుంచి ఫీల్డ్ తగ్గిస్తూ వస్తే, సున్నా దాటి ఎదురు దిక్కుకి కాస్త వెళ్లాకే దాని అయస్కాంతత్వం సున్నా కావాలి. ఈమె గ్రాఫులో ఫీల్డ్ ఇంకా 15 ఓర్‌స్టెడ్‌లు (ఒక టెస్లా అంటే పదివేల ఓర్‌స్టెడ్‌లు) మిగిలి ఉండగానే సున్నా అయిపోయింది! అలాంటి లూపులు కొన్ని పొరల పదార్థాల్లో నిజంగానే వస్తాయి, ఆమె అవన్నీ చదివి నాలుగు స్లైడ్లు కూడా చేసుకొచ్చింది. నాకు మాత్రం చూడగానే కడుపులో కలుక్కుమంది. "పల్లాడియం పెట్టి చూశావా అమ్మా?" అన్నాను. పెట్టలేదు.

మేం అయస్కాంతత్వం కొలిచే స్క్విడ్ మెషీన్‌లో కంప్యూటర్ చూపించే ఫీల్డ్ కొలిచింది కాదు, ఫీల్డ్ పుట్టించే తీగచుట్టలో పారే కరెంటును బట్టి లెక్కగట్టింది. ఆ తీగ సూపర్‌కండక్టర్, అంటే నిరోధం లేకుండా కరెంటు పారేది. 7 టెస్లాల దాకా వెళ్లొచ్చాక కరెంటు సున్నా అయినా తీగలో కొంత ఫ్లక్స్, అంటే అయస్కాంత ప్రవాహం, ఇరుక్కుని ఉండిపోతుంది, శాంపిల్ ఉన్నచోట ఎదురు దిక్కులో చిన్న ఫీల్డ్ మిగులుతుంది. స్క్రీన్ మీద మాత్రం సున్నా. గట్టి అయస్కాంతాలు కొలిచేవాళ్లకి ఇది లెక్కలోకే రాదు, నియోడిమియం మాగ్నెట్‌కి వేల ఓర్‌స్టెడ్‌లు కావాలి కాబట్టి. మెత్తని ఫెర్రైట్‌కి ఇదే కొంప ముంచుతుంది. పల్లాడియం పారామాగ్నెట్, అంటే ఫీల్డ్ ఉన్నంతసేపే అయస్కాంతత్వం చూపిస్తుంది, దానికి హిస్టెరిసిస్ (వెళ్లే దారి, వచ్చే దారి వేరవడం) ఉండదు, దాని ససెప్టిబిలిటీ, అంటే ఫీల్డ్‌కి ఎంత స్పందిస్తుందో, ముందే తెలుసు, కాబట్టి లోపల నిజంగా ఎంత ఫీల్డ్ ఉందో అదే చెప్పేస్తుంది.

అదే వరుసలో, అదే వేగంతో పల్లాడియం రన్ పెట్టాం. సాయంత్రానికి పల్లాడియానికీ తిరగబడ్డ లూప్ వచ్చింది, సరిగ్గా 20 ఓర్‌స్టెడ్‌ల దగ్గర. మన హైదరాబాద్‌లో భూమి ఫీల్డ్ అర ఓర్‌స్టెడ్ కూడా ఉండదు, దాంతో పోలిస్తే ఇది చిన్నదేం కాదు. ఫీల్డ్ సరిచేసి మళ్లీ గీస్తే ఫెర్రైట్ లూప్ మామూలుగా నిలబడింది, కోయర్సివిటీ (అయస్కాంతత్వాన్ని సున్నా చేయడానికి కావలసిన ఎదురు ఫీల్డ్) 5 ఓర్‌స్టెడ్‌లు. ఆ అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. టీకి తీసుకెళ్లాను. వాన వెలిసి క్యాంపస్ బండరాళ్ల మీంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. "మరి మీకెలా అనుమానం వచ్చింది మేడమ్?" అని అడిగింది. ఎప్పుడో ఎవరో చెప్పారన్నాను. అది నిజమే, కానీ చెప్పింది నా పీహెచ్‌డీ అయిపోయాక.

ఇంటికొచ్చి అన్నం తిన్నాక కూడా అదే మనసులో తిరుగుతోంటే పాత హార్డ్‌డిస్క్ తీశాను. నా థీసిస్‌లోనూ మెత్తని ఫెర్రైట్లే, ఇలాంటి మెషీన్ మీదే, పల్లాడియం లేకుండానే. పేపర్‌లో ఒక శాంపిల్ కోయర్సివిటీ 12 అని రాశాను. అప్పటి పైథాన్ స్క్రిప్ట్‌లో, లూప్ రెండుచోట్ల సున్నాని దాటే ఫీల్డ్‌ల తేడా తీసి, సగం చేసి, మైనస్ గుర్తు వస్తే తీసేసే లైను ఒకటి ఉంది. ఎందుకు రాశానో గుర్తు లేదు, బహుశా ప్లాట్ అందంగా రావడానికి. ఆ లైను తీసేసి నడిపాను. మైనస్ 12 వచ్చింది.

అంటే నా లూప్ కూడా తిరగబడిందే. ఆ రోజూ ఇవాళ్టిలాగే 20 ఓర్‌స్టెడ్‌ల తేడా ఉండి ఉంటే అసలు విలువ 8 దగ్గర ఉండొచ్చు, ఇంకేదైనా కావచ్చు, ఆ రోజు ఇరుక్కున్న ఫ్లక్స్ ఎంతో ఇప్పుడు చెప్పగలిగేది ఎవరూ లేరు. రేపు పొద్దున్నే ఆ అమ్మాయికి ఈ ఫైల్ చూపిస్తాను. మా గైడ్ సార్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టాను, పేపర్‌కి కరెక్షన్ పంపుదామని, ఆ శాంపిల్ సీసా పాత బీరువాలో ఇంకా ఉందేమో ఒకసారి వెతికించమని.