కాలవలు కట్టేసేలోగా

ఆదివారం రాత్రి, రావులపాలెం

కాలవలు కట్టేసేలోగా వెళ్ళిరావాలి. పొద్దుట్నుంచీ బుర్రలో తిరుగుతున్నది ఇదొక్కటే. ఏప్రిల్లో దాళ్వా, అంటే రెండో పంట వరి, చేతికొస్తే కాలవలకి నీళ్ళు ఆపేస్తారు. ఇక మళ్ళీ తొలకరి ముందు వదిలేదాకా అడుగున బురద, ఎండిన గుర్రపుడెక్క. నీళ్ళు లేని కాలవ పక్కన బండి నడపాలంటే నాకు మనసొప్పదు. శివరాత్రి వెళ్ళిపోయింది, ఉగాది ఇంకా రాలేదు. చలి పోయింది, ఎండ ముదరలేదు. మామిళ్ళు పూత రాల్చి పిందె కడుతున్నాయి. రావిచెట్లు రాగిరంగు చిగురు తొడిగాయి. చేలు పొట్ట మీద ఉన్నాయి. బండి మీద కోనసీమ చూడాలంటే ఏడాది మొత్తంలో ఈ నాలుగు వారాలే అని నా నమ్మకం.

బావ మాత్రం మారేడుమిల్లి అంటాడు. మా మేనత్త కొడుకు, ఉండేది కాకినాడలో. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఫోన్ చేశాడు.

"మలుపులు కావాలంటే కొండెక్కాలి బావా. మీ చదును నేలలో ఏముంటాయి?"

మారేడుమిల్లి అంటే నాకూ ఇష్టమే. రాజమండ్రి నుంచి గోకవరం, రంపచోడవరం మీదుగా దాదాపు 85 కిలోమీటర్లు. ఆ ఊరు దాటి చింతూరు వైపు ఘాట్‌లోకి దిగితే ఒక మలుపు తేరుకునేలోపే ఇంకో మలుపు. వెదురు నీడ, ఈ రోజుల్లో అయితే మోదుగ పూలు, కొంచెం ఆగితే రాలిన ఇప్పపూల వాసన. దాన్ని కాదనేవాడెవడు? కానీ అక్కడ మలుపుని నిర్ణయించేది కొండ. మన దగ్గర నిర్ణయించింది నీరు. ఆ తేడా బండి మీద వెళ్తే గాని ఒంటికి తెలియదు. బస్సులో కూర్చున్నవాళ్ళకి కోనసీమ అంతా ఒకే కొబ్బరితోటలా కనిపిస్తుంది.

ఇదంతా బావకి చెప్తుంటే వీధి అరుగు మీద కూర్చున్న నాన్న విన్నాడు. నాన్న కాలవ లాకుల దగ్గర నీళ్ళు చూసుకునే లస్కరుగా చేసి రిటైరయ్యాడు. కాలవ గట్లన్నీ ఆయనకి సైకిలు మీద తెలుసు.

"ఒరేయ్, కాలవ ఒంకర్లు తిరిగి ఎందుకెళ్తదో చెప్పావా వాడికి?" అన్నాడు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టాను. తర్వాత అరగంట మాట్లాడింది నాన్నే.

గోదావరి పొంగినప్పుడల్లా ఒండ్రు ముందు ఒడ్డునే దిగబడుతుందట. అలా ఏటి ఒడ్డులు మిట్టయి, లోపలి నేల పల్లమైంది. నది పాయలు ఎన్నిసార్లు దారి మార్చుకున్నాయో, పాత ఒడ్డులన్నీ వెన్నుపూసల్లా మిగిలాయి. సాగుకాలవ ఆ మిట్టలు పట్టుకునే పోవాలి, అప్పుడే రెండు వైపులా చేలకి నీళ్ళు వాటంతటవే దిగుతాయి. మురుగుకాలవలకేమో పల్లాలు. "నీరు పల్లమెరుగు అంటాం కదా, ఆ నీటిని పల్లానికి పోనీకుండా మిట్ట మీదే నడిపించుకుంటూ రావడంరా కాలవంటే," అన్నాడు. చిన్నప్పటి నుంచీ కాలవ ఒడ్డునే పెరిగిన నాకు ఈ మాట ఇంత తేటగా ఎవరూ చెప్పలేదు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడని బళ్ళో చదువుకున్నాం. ఆనకట్ట అందరికీ తెలుసు. దాని కింద ఈ మిట్టలన్నీ వెతికి పట్టుకుని కాలవలు గీసినవాళ్ళ పనితనం మాత్రం ఎవరికీ తలపుకి రాదు. మనం గట్టు మీద బండి వంచే ప్రతి మలుపూ వాళ్ళు గీసిందే.

కాలవ గట్టు మలుపుకి ఇంకో గుణం ఉంది. నీళ్ళని ఒక్కసారిగా తిప్పితే అవతలి గట్టుని కోసేస్తాయి, అందుకే కాలవని నెమ్మదిగా, విశాలంగా తిప్పుతారు. గట్టు మీది రోడ్డూ అలాగే తిరుగుతుంది. నాలుగో గేరులో, నలభై, నలభై ఐదులో, బ్రేకు ముట్టుకోకుండా ఒక వంపులోంచి ఇంకో వంపులోకి జారిపోవచ్చు. తీరా వంతెన వచ్చేసరికి కథ మారిపోతుంది. రోడ్డు ఈ గట్టు వదిలి ఆ గట్టుకి దాటాలి కాబట్టి ఎత్తెక్కుతూనే అడ్డంగా ఒక మలుపు, దిగుతూనే ఇంకోటి. ఆ మిట్ట అవతల ఏముందో కనిపించదు. ఎదురుగా కొబ్బరికాయల లారీ ఉండొచ్చు, గేదె ఉండొచ్చు. అక్కడ రెండో గేరు, హారన్, మన ఎడమ పక్క. బావ ఘాట్ రోడ్డులో నేర్చుకున్నదంతా అక్కరకొచ్చేది ఆ వంతెనల దగ్గరే.

కాలవ వదిలి చేల మధ్య పుంతరోడ్ల మీద పడితే మలుపులన్నీ మూలమట్టంతో కొట్టినట్టు ఉంటాయి. పూర్వం పొలం సరిహద్దుల వెంట బళ్ళు నడిచిన దారులే తర్వాత తారు రోడ్లయ్యాయి కదా. ఏటిగట్టు సంగతి ఇంకా వేరు. అది నదితో పాటే తిరుగుతుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చాక గట్లని ఎత్తు చేశారు. దాని మీద నిలబడితే ఒక పక్క కొబ్బరి తలలు మన కంటి ఎత్తులో, ఇంకో పక్క లంకల్లో అరటీ కందా, ఆ అవతల ఇసుక, దాని అవతల నీళ్ళు. నాకు అన్నిటికంటే ఇష్టమైన రోడ్డు అది. కొన్ని ముక్కలకి తారు లేదు, అవి ఈసారికి వదిలేశాం. తారు ఉన్న దారుల మీదే తిరగాలని ముందే అనుకున్నాం.

నాన్న చెప్పింది విన్నాక బావ గొంతు మారింది. "అయితే నీటి వెంటే పోదాం బావా, మొదట్నుంచీ," అన్నాడు. దారి అలా కుదిరింది.

వెళ్ళే ఆదివారం తెల్లారేసరికి బొబ్బర్లంకలో ఉండాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మధ్య డెల్టా కాలవ మొదలయ్యేది అక్కడే, కోనసీమకి తల అదే. అక్కణ్ణుంచి కాలవ వెంట ఆత్రేయపురం, లొల్ల. లొల్ల లాకుల దగ్గర కాలవ చీలుతుంది. కాసేపు ఆగి చూడాల్సిన చోటు. లాకంటే ఏంటో బావకి తెలియదు. పై మట్టం నుంచి కింది మట్టానికి నీరు మెట్టు దిగే చోటు అది. ఒకప్పుడు పడవని రెండు తలుపుల మధ్య గదిలోకి తెచ్చి, నీళ్ళు నింపో వదిలో మట్టం సరిచేసి, అవతలికి పంపేవారు. ధాన్యం, కొబ్బరి, పెళ్ళివారు, అందరూ పడవల్లోనే. ఒడ్డున తాడు పట్టుకుని లాగుతూ మనుషులు నడిచిన గట్టే ఇవాళ మన రోడ్డు.

తర్వాత రావులపాలెం, అంటే మా ఇంటి ముందు నుంచే. అమ్మ అప్పటికి పెసరట్లు వేసి ఉంచుతానంది. కొత్తపేట దాటాక అమలాపురం వైపు పోకుండా పి.గన్నవరం దారి పట్టాలి. ఈ ప్రయాణం మొత్తానికీ నేను ఎదురుచూస్తున్నది గన్నవరం అక్విడెక్టు. కింద గోదావరి పాయ వైనతేయ, పైన కాలవ. నది మీదుగా నదీజలమే దాటి రాజోలు లంకకి పోతుంది. కాటన్ కాలంలో 49 కమానులతో కట్టిన పాతది పక్కనే ఉంది. కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ ఊరు అదే, లంకల గన్నవరం. 1909లో పోయేదాకా ఆకలని గుమ్మంలోకి వచ్చినవాళ్ళకి వేళ చూడకుండా అన్నం పెట్టిన తల్లి. అన్నానికి నీళ్ళు మోసే వంతెనకి అంతకంటే తగిన పేరు లేదు. బావకి ఇది చెప్పినప్పుడు వాడు కాసేపు మాట్లాడలేదు.

రాజోలు నుంచి వెనక్కి పాశర్లపూడి, బోడసకుర్రు వంతెన మీదుగా అమలాపురం. 1995లో పాశర్లపూడి దగ్గర గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. మా వయసు వాళ్ళకి ఆ పేరు వింటే ఇప్పటికీ ఆ ఎర్రటి ఆకాశమే కళ్ళ ముందుకొస్తుంది. ఆ ముక్క హైవే, పెద్దగా మలుపులుండవు, త్వరగా దాటేస్తాం. అమలాపురం నుంచి ముక్తేశ్వరం, అక్కడ పంటు, అంటే బళ్ళనీ దాటించే పడవ, ఎక్కి గౌతమి పాయ దాటి కోటిపల్లి. మార్చి నాటికి నీళ్ళు తగ్గి ఇసుక మేటలు తేలతాయి. పంటు వాటిని చుట్టుకుంటూ పోతుంది. అవీ మలుపులే మరి, బండి స్టాండు వేసి ఉన్నా. పంటు మీదకి ఎక్కించేటప్పుడు మాత్రం మొదటి గేరులో, తొందర లేకుండా. బల్లలు తడిగా ఉంటాయి. కోటిపల్లి నుంచి ద్రాక్షారామం, రామచంద్రపురం, మండపేట, జొన్నాడ, ఇల్లు.

అనుకున్నంత తేలిక కాదని కూడా బావకి చెప్పాను. ఘాట్‌లో లోయ వైపు రాయో గోడో ఏదో ఒకటి ఉంటుంది. కాలవ గట్టుకి చాలాచోట్ల ఏమీ ఉండదు. తారు అంచు, రెండడుగుల గడ్డి, నీళ్ళు. నాన్న లాకుల దగ్గర పనిచేసిన రోజుల్లో ఆయన్ని అర్ధరాత్రి లేపుకెళ్ళింది ఎక్కువగా కాలవలో పడిన బళ్ళ కోసమే. ఎవరెవర్ని తీశారో ఇంట్లో ఎప్పుడూ చెప్పేవాడు కాదు. వచ్చి నూతి దగ్గర స్నానం చేసి పడుకునేవాడు. అందుకే ఈ ఇంట్లో చీకటి పడ్డాక గట్టు రోడ్డు మీద బండి నడపడం లేదు, నాకైనా, ఎవరికైనా. బావతో కూడా ముందు ఇదే ఒప్పించాను.

మిగతావి చూసుకుంటే గడిచేవి. ఇసుక రేవుల దగ్గర ట్రాక్టర్ల నుంచి రాలిన ఇసుక సరిగ్గా మలుపులోనే పేరుకుంటుంది. అక్కడ బండి వంచకూడదు, ముందు బ్రేకు పట్టకూడదు, వేగం అంతా మలుపు ముందే తగ్గించుకోవాలి. చేపల లారీలు కార్చిన ఐసు నీళ్ళు తారు మీద జిడ్డులా ఉంటాయి. మినుము పీకిన చోట కట్టె తెచ్చి రోడ్డు మీద పరుస్తారు, బళ్ళు తొక్కితే గింజ రాలుతుందని. వాళ్ళ ఏడాది కష్టం అది, విసుక్కోకుండా పక్కనుంచి మెల్లగా పోవాలి. ఇంకో నెల ఆగితే ధాన్యం రాశులతో సగం రోడ్డు కళ్ళమే అవుతుంది. కాలవలు కట్టేయడం ఒకటే కాదు, ఇప్పుడే వెళ్దామని నేను పట్టుబట్టడానికి ఇదీ కారణం. పొద్దుటి ఎండలో కొబ్బరి మొవ్వుల నీడలు రోడ్డు మీద చారలు చారలుగా పడి గుంటల్ని కనపడనివ్వవు. కాబట్టి మొదటి రెండు గంటలూ వేగం మాటే వద్దు.

సాయంత్రం బండిని వాకిట్లోకి తెచ్చి చూసుకున్నాను. చైను వదులుగా ఉంది, బిగించి ఆయిల్ వేయాలి. వెనక టైరు ఫర్వాలేదు. ముందు బ్రేకు ప్యాడ్లు మార్చేయడమే మేలు. గాలి ముందు 25, వెనక 28 పెట్టిస్తాను. బావ తన బండి తెస్తే అలాగే వెళ్తాం, ఇద్దరం నా బండి మీదే అయితే వెనక 32. కాగితాలు, రెయిన్‌కోటు, ట్యూబు అతికే సామాను, నీళ్ళు. హెల్మెట్ అద్దం మీద గీతలు పడ్డాయి, ఎదురెండలో అవే కళ్ళకి అడ్డమవుతాయి. కొత్తది కొంటాను.

తేలనిది అంతర్వేది ఒక్కటే. రాజోలు దాకా వచ్చి సాగరసంగమం చూడకుండా వెనక్కి తిరగడమేంటంటాడు బావ. మాఘమాసం తీర్థం అయిపోయింది కాబట్టి జనం ఉండరు, దర్శనం తేలికే, అదీ నిజమే. నీటి వెంట పోదామన్నప్పుడు సముద్రం దాకా పోవాలన్న వాదన నాకూ కాదనబుద్ధి కాలేదు. కానీ అంతర్వేది వెళ్తే ముక్తేశ్వరం రేవుకి చేరేసరికి పొద్దు వాలుతుంది. కోటిపల్లి నుంచి ఇంటిదాకా చీకట్లోనే. అంతర్వేది కావాలంటే ద్రాక్షారామం, పంటు వదులుకోవాలి. లేదంటే ఆ రాత్రికి అమలాపురంలో పెద్దక్క ఇంట్లో ఆగిపోవాలి. అక్క ఆగమనే అంటుంది, సోమవారం బావకి సెలవు దొరకాలి మరి. రేపు వాడు ఆఫీసులో అడిగి చెప్తానన్నాడు. నేనీలోగా ముక్తేశ్వరంలో తెలిసినవాళ్ళకి ఫోన్ చేసి ఆఖరి పంటు ఎన్నింటికో కనుక్కోవాలి.