నువ్వా, మీరా? ఫ్రెంచ్ క్రైమ్ సినిమాల డైరీ: మూడో వారం

ఇప్పటికి మూడయ్యాయి. మూడూ ఆడవాళ్లు తీసినవే. ఒక్కోటి రెండుసార్లు చూస్తున్నాను: మొదట ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పెట్టుకుని కథ కోసం, తర్వాత అవి తీసేసి, 'త్యు' ఎక్కడ, 'వూ' ఎక్కడ అని నోట్‌బుక్‌లో గీతలు పెడుతూ. త్యు అంటే నువ్వు, వూ అంటే మీరు. ఇంగ్లిష్‌లో రెండూ 'యూ' అయిపోతాయి. పోలీసు 'మీరు' నుంచి 'నువ్వు'కి దిగితే ఏమవుతుందో మనకి ఒకరు చెప్పాలా!

మొదటి వారం సగం గీతలు తప్పాయి. మాటల్లో 'త్యు ఆ' (నీకుంది) అనరు, 'తా' అని మింగేస్తారు. అది పట్టుకోవడానికే నాలుగు రోజులు పట్టింది. పైగా నికోల్ గార్సియా తీసిన 'ప్లాస్ వాందోమ్' (1998)లో వజ్రాల వ్యాపారి భార్యగా కాథరిన్ దెనవ్ ముఖం చూస్తూ గీతల సంగతే మర్చిపోయాను.

రెండోది కాథరిన్ బ్రెయా 'అబ్యూ ద ఫెబ్లెస్' (2013). సబ్‌టైటిల్స్ రెండు సెకన్లు వెనకబడ్డాయి. వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌లో 'జీ' ఒకసారి నొక్కితే 50 మిల్లీసెకన్లు ముందుకొస్తాయి, అంటే నలభై నొక్కులు. నొక్కాను. పేరు అక్కడి చట్టంలో ఉన్న నేరమే: ఎదుటి మనిషి నిస్సహాయతను వాడుకోవడం. బ్రెయాకి 2004లో పక్షవాతం వచ్చింది. తర్వాత తన సినిమాలో వేషం వేయమని ఓ పేరుమోసిన మోసగాణ్ణి అడిగితే, అతను దాదాపు 7 లక్షల యూరోలు లాగాడు. ఆ కథే ఇది, ఆవిడ పాత్రలో ఇసబెల్ హుపెర్. అతణ్ణి టీవీలో చూసి ఎంచుకున్నది ఆవిడే, ఇంటికి పిలిచిందీ ఆవిడే, చెక్కు మీద చెక్కు రాసిందీ ఆవిడే. ప్రేమా అంటే కాదు. డైరెక్టర్‌ని నేనే కదా అన్న ధీమా చివరిదాకా వదల్లేదేమో అనిపించింది. త్యు, వూ పక్కనపెట్టి చెక్కులకు గీతలు పెట్టాను.

'అనాటమీ ఆఫ్ ఎ ఫాల్' (2023, జుస్తీన్ త్రియే) 151 నిమిషాలు, రెండు రాత్రులు. ఇక్కడైతే నా పద్ధతి పూర్తిగా బెడిసికొట్టింది. మొగుడు ఫ్రెంచివాడు, భార్య జర్మన్, పోట్లాడుకునేది ఇంగ్లిష్‌లో! మొగుడి చావు కేసులో నిందితురాలైన ఆ భార్య సాండ్రా, కోర్టులో ఫ్రెంచ్‌లో మొదలుపెట్టి తడబడి ఇంగ్లిష్‌లోకి మారిపోతుంది. అవతల ప్రాసిక్యూటర్ మాత్రం సొంత భాషలో దర్జాగా ఆవిడ కోరికల్నీ, చివరికి ఆవిడ రాసిన నవలనీ సాక్ష్యంగా ఎత్తుతాడు. నోట్‌బుక్‌లో కొత్త గడి గీశాను: 'ఎవరి భాష, ఎవరి ఊరు'.

తర్వాతిది క్లెయిర్ దెనీ 'లె సలో' (2013). మాటలు తక్కువ, చీకటి ఎక్కువ అని విన్నాను. ఆదివారం మధ్యాహ్నం కర్టెన్లు వేసుకుని చూస్తాను. రాత్రి ఒక్కదాన్నే మాత్రం చూడను.