శ్రద్ధ

మా తాతగారి తద్దినం నాడు నాన్నగారు జంధ్యం కుడి భుజం మీదికి మార్చుకుని, నువ్వులు కలిసిన నీళ్లను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి వదిలేవారు. ఒక్క గింజ అరచేతికి అంటుకుని ఉండిపోయినా ఇంకో ఉద్ధరిణెడు నీళ్లు పోయమనేవారు. పక్కన కూర్చున్న నా చూపు వీధి వైపు పోతే ఒకటే మాట: "శ్రద్ధ!"

ఆ కర్మకు శ్రాద్ధమన్న పేరు ఈ మాట నుంచే వచ్చిందని నాకు చాలాకాలానికి తెలిసింది. మరి శ్రద్ధ అంటే? 'శ్రత్', 'ధా' కలిసిన పదం. ధా అంటే ఉంచడం, నిలపడం. ప్రాచీన పండితుడు యాస్కుడు వ్యాఖ్యానించిన వేదపదాల నిఘంటువు శ్రత్‌ను సత్యానికున్న పేర్లలో చేర్చింది. సత్యమని మనసులో నిలుపుకోవడం శ్రద్ధ. 'నమ్ముతున్నాను' అని అర్థమిచ్చే లాటిన్ మాట 'క్రేదో' కూడా ఈ మూలంలోనిదేనని భాషావేత్తలు చెబుతారు. లాటిన్‌లో క్రైస్తవుల విశ్వాస ప్రమాణం ఆ మాటతోనే మొదలవుతుంది. మన ఇళ్లలో అదే మాట "శ్రద్ధగా చదువుకో" అంటూ తిరుగుతోంది.

తెలుగులోకి వచ్చాక ఇందులో నమ్మకం పోయి ఏకాగ్రత మాత్రమే మిగిలిందని అనిపించవచ్చు. నేను ఒప్పుకోను. ఋగ్వేదం పదో మండలంలోని 151వ సూక్తం శ్రద్ధను దేవతగా పిలుస్తుంది. ఉన్నవి ఐదే ఋక్కులు. "శ్రద్ధయాగ్నిః సమిధ్యతే శ్రద్ధయా హూయతే హవిః" అని మొదలు. శ్రద్ధతో అగ్ని రగులుతుంది, శ్రద్ధతోనే హవిస్సు వేలుస్తారు. అక్కడ నమ్మడమూ పని చేయడమూ వేరు కావు. సమిధలు సరిగ్గా పేర్చకపోతే ఎంత నమ్మినా అగ్ని రాజుకోదు కదా!

కఠోపనిషత్తులో ఇది ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. తండ్రి దక్షిణగా ఇస్తున్న ఆవులను నచికేతుడు చూస్తున్నాడు. తాగవలసిన నీళ్లు తాగేసినవి, మేయవలసిన గడ్డి మేసేసినవి, ఇక పాలివ్వలేనివి. ఆ క్షణాన పిల్లవాడిలో "శ్రద్ధావివేశ", శ్రద్ధ ప్రవేశించింది అంటుంది ఉపనిషత్తు. యాగం సాగుతోంది, దక్షిణలు కదులుతున్నాయి. ఆ ఎండిన పొదుగులు మాత్రం అతడి కంటపడ్డాయి. "నన్నెవరికిస్తావు నాన్నా?" అని ఒకసారి కాదు, మూడుసార్లు అడిగాడు. ఎదురు తిరగడానికి కాదు, తండ్రి చేస్తున్న కర్మ నిజం కావాలని.

ఇప్పుడు తర్పణంలో నాన్నగారి పేరు కూడా చెబుతున్నాను. గింజ అరచేతికి అంటుకుంటే, ఇంకో ఉద్ధరిణెడు నీళ్లు అడుగుతాను.