గొంతు లోతులో ఒక హల్లు

కువైట్‌లో చాలా ఏళ్లు డ్రైవరుగా పనిచేసి కడపకు తిరిగివచ్చిన మా వీధి పెద్దాయన ‘ఇరాక్’ అన్నప్పుడల్లా మొదట్లోనే ఆయన గొంతు కాస్త బిగుసుకుంటుంది. తెలుగులో రాస్తే అది వట్టి ‘ఇ’ మాత్రమే. అరబ్బీలో దానికి ముందు ‘ఐన్’ అనే హల్లు ఉంది.

మన వ్యాకరణాలు క, ఖ, గ, ఘ, ఙలను కంఠ్యాలంటాయి గాని, వాటిని పలికేటప్పుడు నాలుక వెనుకభాగం తగిలేది మెత్తని అంగిలికి. ఐన్ పుట్టేది అంతకంటే బాగా కింద: నాలుక మొదలు గొంతు వెనుకగోడ వైపు జరిగి దారిని ఇరుకు చేస్తుంది, స్వరతంత్రులు మోగుతూనే ఉంటాయి. నేను ప్రయత్నిస్తే వచ్చింది దగ్గు.

ఈ ధ్వని ఉన్న భాషలు ప్రపంచంలో తక్కువే. 1972లో లాటిన్ లిపిని అధికారికంగా స్వీకరించిన సోమాలీ దీనిని ‘సి’ అక్షరంతో రాస్తుంది. హీబ్రూ మాట్లాడేవారిలో అత్యధికులు దీనిని పోగొట్టుకున్నారు. యెమెన్ యూదుల సంప్రదాయ ఉచ్చారణలో మాత్రం నిలిచింది. నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరిచింది కెనడాలోని వాంకూవర్ దీవి: అరబ్బీతో ఏ సంబంధమూ లేని నూచానుల్థ్ భాషలో, కొండనాలుక దగ్గర పలికే పాత హల్లులే క్రమంగా కిందికి జారి ఇలాంటి గొంతు ధ్వనులయ్యాయి.

మా ఊరి ఉర్దూ బోర్డుల మీద ‘అలీ’ అనే పేరు ఐన్‌తోనే మొదలవుతుంది. చదివేవారి నోట మాత్రం అది మన ‘అ’యే.