డబ్ల్యూఆర్‌ఎక్స్ లాగ్: నాక్ సెన్సార్‌కి వినిపిస్తున్నది నిజంగా నాకింగేనా?

డాలస్‌లో ఎండ 100 ఫారెన్‌హీట్ దాటినప్పటి నుంచి మా 2011 సుబారు డబ్ల్యూఆర్‌ఎక్స్ కాస్త నీరసంగా లాగుతోంది. చెక్ ఇంజిన్ లైటు వెలగలేదు, క్యాబిన్‌లోకి వింత చప్పుడేమీ రాలేదు. ల్యాప్‌టాప్ తగిలించి చూస్తే మాత్రం డీఏఎమ్ (డైనమిక్ అడ్వాన్స్ మల్టిప్లయర్) 0.75 దగ్గర ఉంది. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) స్పార్క్ టైమింగ్‌ని ఎంతవరకు ముందుకు జరపనిస్తుందో చెప్పే లెక్క ఇది. ఆరోగ్యంగా ఉన్న సుబారులో 1.0 ఉండాలి. తగ్గిందంటే ఈసీయూకి నాకింగ్ (సిలిండర్‌లో పెట్రోల్ మిశ్రమం తనంతట తానే ఒక్కసారిగా పేలడం) వినిపించింది, భయపడి స్పార్క్‌ని వెనక్కి లాగుతోంది అని అర్థం.

ఈ కారులో దీన్ని తేలిగ్గా వదిలేయకూడదు. ఈజే255 ఇంజిన్‌లో ఉన్నవి పోత పిస్టన్లు. నాకింగ్‌ని పట్టించుకోకుండా తోలితే పిస్టన్ రింగుల మధ్య గట్టు విరుగుతుంది, ఆ తర్వాత ఇంజిన్ మొత్తం విప్పాల్సిందే. అందుకే చాలామంది టెన్షన్‌తో ముందు సెన్సార్ మార్చేస్తారు. నేనైతే అలా చేయొద్దంటాను. సెన్సార్ బ్లాకుకి బిగించిన చెవి లాంటిది. దానికి అసలు వినిపించడం లేదా, వేరే చప్పుడు వినిపిస్తోందా, నిజంగా నాకింగే వినిపిస్తోందా అన్నది ముందు తేల్చుకోవాలి. ఈ మూడింటికీ మందులు వేరు.

ఖర్చు లేదు కాబట్టి వైరింగ్‌తో మొదలుపెట్టాను. వైరు తెగినా షార్ట్ అయినా పీ0327 లేదా పీ0328 కోడ్ రావాలి, అవి లేవు. సెన్సార్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద, బ్లాకు పైభాగంలో డ్రైవర్ వైపు ఉంటుంది. కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెడితే ఐదు వందల కిలో ఓముల పైచిలుకు చూపించింది, అది మామూలే. మీటర్‌ని ఏసీ మిల్లీవోల్టులకు మార్చి, సెన్సార్ పక్కన బ్లాకు మీద చిన్న పానాతో తడితే అంకె కదిలింది. లోపలి పియెజో ముక్క (వణుకుని కరెంటుగా మార్చేది) పనిచేస్తోందన్నమాట. రెసిస్టెన్స్ ఒక్కటే చూసి ఊరుకుంటే ఈ సంగతి తెలియదు.

బోల్టు బిగువు కూడా చూసుకోవాలి. 24 న్యూటన్ మీటర్లు, టార్క్ రెంచ్‌తోనే బిగించాలి. ఎక్కువ బిగించినా తక్కువ బిగించినా సెన్సార్ వినికిడి మారిపోతుంది. కింద వాషర్ గానీ గ్రీజు గానీ ఉండకూడదు, కూర్చునే చోటు శుభ్రంగా ఉండాలి. వైరు ఇంజిన్ వెనక వైపుకి 60 డిగ్రీల కోణంలో రావాలి. నా కారులో ఇవన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఇక లాగింగ్, అంటే కారు నడుస్తుండగా ఈసీయూ అంకెల్ని రికార్డు చేయడం. ఓపెన్‌పోర్ట్ 2.0 కేబుల్, రోమ్‌రైడర్ సాఫ్ట్‌వేర్ వాడాను. ఆర్‌పీఎం, లోడ్ (ఇంజిన్ మీద భారం), బూస్ట్ (టర్బో తోసే గాలి ఒత్తిడి), ఇన్‌టేక్ ఉష్ణోగ్రత, ఫీడ్‌బ్యాక్ నాక్ కరెక్షన్ (నాక్ వినగానే స్పార్క్‌ని వెనక్కి లాగిన డిగ్రీలు), ఫైన్ నాక్ లెర్నింగ్ (ఈసీయూ గుర్తుపెట్టుకున్న సవరణ), డీఏఎమ్, ఇంతవరకే తీసుకోండి. కనిపించినవన్నీ టిక్ పెడితే శాంపిళ్ల వేగం పడిపోయి అసలు క్షణం జారిపోతుంది.

లాగ్ చూడగానే అనుమానం వచ్చింది. 2,800 నుంచి 3,000 ఆర్‌పీఎం మధ్య, యాక్సిలరేటర్ వదిలి మళ్లీ మెల్లగా నొక్కినప్పుడు, -1.4 డిగ్రీల కరెక్షన్ వస్తోంది. ఆ సమయంలో బూస్ట్ దాదాపు లేదు. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడూ అదే చోట వచ్చింది. రద్దీగా ఉండే వేరే బంకులో 93 ఆక్టేన్ (నాకింగ్‌ని తట్టుకునే శక్తికి అంకె) పెట్రోల్ ట్యాంకు నిండా కొట్టించినా అదే చోట వచ్చింది. అసలు నాకింగ్‌కి వేడి కావాలి, లోడ్ కావాలి, పెట్రోల్ మారితే అదీ మారాలి. ఇది ఆర్‌పీఎంకి మాత్రమే కట్టుబడి ఉంది. అంటే ఏదో ఇనుము మోగుతోంది.

(ఇండియాలో చదివేవాళ్లకి ఒక మాట: అమెరికా బంకుల్లో రాసే అంకె ఆక్టేన్‌ని కొలిచే రెండు పద్ధతులు ఆర్‌ఓఎన్, ఎమ్‌ఓఎన్‌ల సగటు. ఇక్కడి 93 దాదాపు మన 97-98 ఆర్‌ఓఎన్‌తో సమానం. ఈ 93ని మన బంకుల్లోని 91, 95 అంకెల పక్కన నేరుగా పెట్టి పోల్చకండి.)

ఈ ఇంజిన్ సిలిండర్ వ్యాసం 99.5 మిల్లీమీటర్లు. ఆ లెక్కన నాకింగ్ మోత సుమారు 6 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. వదులైన రేకు మోత కూడా ఆ దగ్గర్లోకి వచ్చిందంటే ఈసీయూ దాన్నీ నాకింగే అనుకుంటుంది.

నిర్ధారించుకోవడానికి రాగి గొట్టం ముక్క ఒక చివర చదును చేసి, రంధ్రం వేసి, సెన్సార్ దగ్గర్లోని బోల్టు కింద బిగించాను. రెండో చివరకి రబ్బరు ట్యూబు తొడిగి, కిటికీలోంచి లోపలికి తెచ్చి, ఫ్యాక్టరీల్లో వాడే చెవి మూతలకి కలిపాను. ట్యూబు ఎగ్జాస్ట్‌కీ బెల్టులకీ తగలకుండా కట్టుకోవాలి. తమ్ముడు నడిపాడు, నేను పక్కన కళ్లు మూసుకుని విన్నాను. "అన్నయ్యా, రెండు వేల ఎనిమిది వందలు... మూడు వేలు" అని వాడు చెబుతుండగానే జర్‌ర్‌మని సన్నగా వణుకు వినిపించింది. అసలు నాక్ అలా ఉండదు, గులకరాయి విసిరినట్టు విడివిడిగా, టక్కుమని కొడుతుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక కారుని స్టాండుల మీద పెట్టి రబ్బరు సుత్తితో ఎగ్జాస్ట్ పొడవునా తట్టుకుంటూ వెళ్లాను. డౌన్‌పైపు మీది హీట్ షీల్డ్ దొరికిపోయింది. బోల్టు రంధ్రం తుప్పు పట్టి పెద్దదైంది. రేకు పైపుకి రాసుకున్న చోట గోరంత మేర తుప్పు పోయి వెండిలా మెరుస్తోంది. పెద్ద స్టెయిన్‌లెస్ క్లాంపు చుట్టి బిగించాను. ఈసీయూ నేర్చుకున్న విలువలు చెరిపేసి, ఆఫీసుకి మామూలుగా తిరిగి మళ్లీ లాగ్ తీస్తే 3,000 దగ్గరి కరెక్షన్ మాయమైంది. డీఏఎమ్ 1.0 దగ్గర నిలబడింది.

ట్యూన్‌లో (ఈసీయూ సెట్టింగుల్లో) సెన్సార్ సున్నితత్వం తగ్గించేస్తే ఈ గొడవ ఉండదు కదా అని కొందరు సలహా ఇస్తారు. దయచేసి ఆ పని చేయకండి. రేకు మోతతో పాటు పిస్టన్‌ని విరగ్గొట్టే మోత కూడా వినపడకుండా పోతుంది.

పని ఇంకా మిగిలే ఉంది. మధ్యాహ్నం పూట నిండు బూస్ట్‌లో, 4,000 దాటాక, అప్పుడప్పుడు -1.4 ఇంకా వస్తోంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రావడం లేదు. ఇది వేడిని బట్టి మారుతోంది కాబట్టి రేకు అనుకోలేను, నిజమైన నాకింగ్ అనే చూస్తున్నాను. ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లార్చేది) గొట్టం విప్పితే లోపల ఆయిల్ తడి ఉంది. ఆ ఆయిల్ ఆవిరి సిలిండర్‌లోకి వెళ్తే పెట్రోల్‌కి నాకింగ్‌ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. వచ్చే వారాంతం ఇన్‌టేక్‌కి స్మోక్ టెస్ట్ చేసి లీకులు చూస్తాను, పీసీవీ వాల్వు (ఇంజిన్ లోపలి ఆవిరిని ఇన్‌టేక్‌లోకి పంపేది) మారుస్తాను, ప్లగ్గుల గ్యాప్ 0.7-0.8 మిల్లీమీటర్లలో ఉందో లేదో కొలుస్తాను. ఆ తర్వాత కంప్రెషన్, లీక్‌డౌన్ పరీక్షలు (సిలిండర్లు ఒత్తిడిని ఎంత నిలుపుతున్నాయో చూసేవి) కూడా చేసి అంకెలు ఇక్కడే రాస్తాను. అప్పటిదాకా ఎండలో నిండు బూస్ట్ బంద్.